ఇంటి ముందు ర్యాంప్ కారు కడుపుకు తగులుతుంటే: కొలత, కోత, కాంక్రీటు

కారు కింద కర్రుమని రాసుకోగానే అందరూ వాలునే తిడతారు. నిజానికి ఎంత నిటారు వాలైనా ఒకే తీరుగా సాగినంతసేపు కారుకు ఏమీ కాదు. తగిలేదంతా వాలు మారే చోటే. రోడ్డు వదిలి ర్యాంప్ ఎక్కే పాదం దగ్గర ముందు బంపరు తగులుతుంది. ర్యాంప్ ముగిసి పార్కింగ్ నేల మొదలయ్యే తల దగ్గర కడుపు తగులుతుంది. ఈ రెండు విరుపుల్లో ఏది తగులుతోందో, ఎన్ని అంగుళాలు తగులుతోందో తెలియకుండా కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మిషను తెప్పిస్తే సగం సిమెంటు అక్కర్లేని చోట పడుతుంది.

ముందు కారు కింద వంగి చూడండి. చాలాసార్లు చప్పుడు చేసేది ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ గార్డు. రెండు క్లిప్పులు ఊడి వేలాడుతుంటే చదునైన స్పీడ్ బ్రేకర్ మీద కూడా అది గీసుకుంటుంది. దాని మందు పది నిమిషాల మెకానిక్ పని, ర్యాంప్‌తో సంబంధం లేదు. గార్డు బిగుతుగానే ఉండి, దాని మీద గానీ సైలెన్సర్ పైపు మీద గానీ కొత్త గీతలు మెరుస్తుంటే అప్పుడు ర్యాంప్ సంగతి చూడాలి. గీతలు ఇంజన్ ఆయిల్ ఛాంబర్ మీద కనిపిస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోయిందని తెలియక బండి నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. ఎలక్ట్రిక్ కారైతే కింద బ్యాటరీ పెట్టె వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, దానికి ఒక్కసారి తగిలినా షోరూంలో లిఫ్ట్ ఎక్కించి చూపించడమే మంచిది.

కొలిచే పద్ధతి

కావలసినవి: పారదర్శక లెవెల్ పైపు ఒక 30 అడుగులు, టేపు, సుద్దముక్క, గట్టి దారం, ఒక ముద్ద బంకమట్టి. పైపులో నీళ్లు నింపేటప్పుడు గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా అంగుళం తేడా చూపిస్తుంది. పైపు ఒక కొనను గేటు స్తంభానికి ఆనించి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. రెండో కొనను రోడ్డు మీద, ర్యాంప్ పాదానికి రెండడుగులు అవతల నిలబెట్టిన కర్రకు ఆనించి అక్కడా గీత పెట్టండి. రెండు గీతలూ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి రోడ్డు వైపు గీత నుంచి నేల దాకా ఉన్న ఎత్తులోంచి, గేటు వైపు గీత నుంచి పార్కింగ్ నేల దాకా ఉన్న ఎత్తు తీసేస్తే మొత్తం లేపు, అంటే రోడ్డు కంటే పార్కింగ్ నేల ఎంత ఎత్తుందో, వస్తుంది. అలాగే ర్యాంప్ పొడవునా ప్రతి అడుగుకూ ఒక మట్టం రాసుకోండి. చాలా ర్యాంపులు కంటికి తిన్నగా కనిపించినా పైభాగం చివరి రెండడుగుల్లో ఒక్కసారిగా నిక్కి ఉంటాయి. తగిలేది అక్కడే.

రోడ్డు వాలును మర్చిపోకండి. తారు రోడ్డు మధ్య నుంచి అంచుకు 2 నుంచి 2.5 శాతం వాలుగా ఉంటుంది, అంటే అడుగుకు పావు అంగుళానికి కొంచెం పైన. కారు ఆ వాలులో కిందికి దిగుతూ వచ్చి ర్యాంప్ ఎక్కుతుంది కాబట్టి పాదం దగ్గరి విరుపుకు అది కలుస్తుంది.

ఇప్పుడు బంకమట్టి పరీక్ష. ర్యాంప్ తల మీద, రెండు చక్రాల మధ్యలో, ఆరంగుళాల ఎత్తున మట్టిని గట్టులా పేర్చండి. కారులో మామూలుగా ఎక్కే మనుషులందరినీ కూర్చోబెట్టి నడక వేగంతో ఎక్కించండి. మిగిలిన గట్టు ఎత్తు నాలుగంగుళాలు ఉంటే మీకు నాలుగంగుళాల ఖాళీ ఉన్నట్టు. పూర్తిగా చదునైపోయి కాంక్రీటు మీద గీత పడితే, చక్రాల దారిలో మాత్రమే అరంగుళం మందం చెక్కలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ మళ్లీ మళ్లీ ఎక్కించి చూడండి. ఎన్ని చెక్కల తర్వాత తగలడం ఆగిందో అన్ని అరంగుళాల లోటు. ఈ అంకె లేకుండా ముందుకు వెళ్లొద్దు.

లెక్క ఒక్క వాక్యం

మేస్త్రీలు వాలును అడుగుకు ఎన్ని అంగుళాలు అని చెబుతారు. లెక్కకు అదే హాయి. కారు వీల్‌బేస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అడుగుల్లో తీసుకుని, విరుపు దగ్గర వాలు ఎంత మారుతోందో అడుగుకు అంగుళాల్లో తీసుకుని, రెంటినీ గుణించి నాలుగుతో భాగించండి. తల దగ్గర కడుపు కింద కావలసిన ఖాళీ అంగుళాల్లో వచ్చేస్తుంది.

హోండా సిటీ వీల్‌బేస్ 2,600 మి.మీ., దాదాపు ఎనిమిదిన్నర అడుగులు. గ్రౌండ్ క్లియరెన్స్ (కారు కడుపుకూ నేలకూ మధ్య ఖాళీ) 165 మి.మీ., ఆరున్నర అంగుళాలు. మారుతి డిజైర్ వీల్‌బేస్ 2,450 మి.మీ., క్లియరెన్స్ 163. ఈ క్లియరెన్స్ ఖాళీ కారుది. అయిదుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే ఒకటిన్నర అంగుళం దాకా తగ్గుతుంది. కాబట్టి సిటీకి నిజంగా మిగిలేది అయిదంగుళాలే అనుకోండి.

ర్యాంప్ అడుగుకు 2 అంగుళాలు లేస్తూ, తల దాటాక నేల చదునుగా ఉంటే: 8.5 × 2 ÷ 4, అంటే నాలుగుంపావు. గట్టెక్కుతుంది, కానీ ముప్పావు అంగుళం తేడాతో. అడుగుకు రెండున్నర అయితే 5.3, నిండు కారు తగులుతుంది. అడుగుకు 3 అయితే 6.4, ఖాళీ కారు కూడా ఊపిరి బిగబట్టి దాటాలి. అడుగుకు 4 అయితే ఎనిమిదిన్నర, సెడాన్‌కు ఆశ లేదు. సెల్లార్ ర్యాంపుల వాలు 1:8కి మించకూడదని భవన నిబంధనలు చెప్పేది అడుగుకు ఒకటిన్నర అంగుళం కిందికే వస్తుంది, అప్పుడు కావలసింది 3.2 మాత్రమే.

ఆ వాలుతో కట్టిన సెల్లార్‌లో కూడా కార్లు తగులుతున్నాయంటే తప్పు వాలుది కాదు. వాన నీళ్లు లోపలికి రాకుండా ర్యాంప్ తల మీద పోసిన గట్టుది. గట్టు రోడ్డు వైపు అడుగుకు అంగుళమున్నర దిగితే, లోపలి ఒకటిన్నరతో కలిసి విరుపు మూడంగుళాలు అవుతుంది. గట్టు ఎత్తు తగ్గించకండి, నీళ్లు వస్తాయి. గట్టు నెత్తిన నాలుగడుగుల చదును వచ్చేలా వెడల్పు చేయండి.

పాదం దగ్గర లెక్క వేరు. సెడాన్ ముందు బంపరు కింది అంచు నేలకు ఏడెనిమిది అంగుళాల ఎత్తున, టైరు ర్యాంప్‌ను తాకే చోటుకు రెండున్నర అడుగులు ముందుగా ఉంటుంది. కాగితం మీద అడుగుకు 3 అంగుళాల మార్పు దాకా తగలదు. కానీ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంటుంది, ముక్కు వంగుతుంది. అందుకే పాదం దగ్గర రోడ్డు వాలుతో కలిపి అడుగుకు 2 దాటకుండా చూసుకోవాలి, ఒకటిన్నర అయితే నిశ్చింత.

లెక్క మీద నమ్మకం లేకపోతే గ్రాఫ్ కాగితం మీద మీ ర్యాంప్‌ను పదో వంతు కొలతతో గీయండి. అట్టముక్కతో 26 సెం.మీ. వీల్‌బేస్, 6 సెం.మీ. చక్రాలు, చక్రాల మధ్య నేలకు 12.5 మి.మీ. ఖాళీ ఉన్న కారు బొమ్మ కత్తిరించి గీత మీద జరపండి. ఎక్కడ తగులుతుందో పిల్లలు కూడా చూపిస్తారు. కొత్త ర్యాంప్ గీతను కూడా పని మొదలుపెట్టేముందే ఇలా పరీక్షించుకోవచ్చు.

“గుండ్రం చేసేస్తాను సార్” అంటే

మేస్త్రీ చెప్పే మొదటి మందు ఇదే: పైనా కిందా గుండ్రంగా మలుస్తాను. పొడవైన ర్యాంప్‌కు ఇది మంచి మాటే. పొట్టి ర్యాంప్‌కు ఇది చెరుపు. ఆరడుగుల ర్యాంప్ పన్నెండు అంగుళాలు లేస్తోందనుకోండి. తిన్నగా ఉంటే అడుగుకు 2, కావలసిన ఖాళీ నాలుగుంపావు. పైన రెండడుగులు, కింద రెండడుగులు సగం వాలుకు తగ్గిస్తే మధ్య రెండడుగులు అడుగుకు 3 చొప్పున ఎక్కాలి, లేకపోతే పన్నెండు అంగుళాలు పూర్తికావు. ఎనిమిదిన్నర అడుగుల వీల్‌బేస్ ముందు రెండడుగుల మెత్తదనం లెక్కలోకి రాదు, కారు ఆ ముక్కను మొత్తంగా దాటేసి కూర్చుంటుంది. కావలసిన ఖాళీ దాదాపు అయిదంగుళాలకు పెరుగుతుంది. డబ్బు పెట్టి జబ్బు పెంచుకోవడమంటే ఇదే.

సగం వాలు ముక్క పనిచేయాలంటే దాని పొడవు వీల్‌బేస్‌లో సగం ఉండాలి, అంటే నాలుగడుగులకు అటూ ఇటూ. అంత ఉంటే తల దగ్గర కావలసిన ఖాళీ దాదాపు సగానికి పడిపోతుంది. అంతకంటే పొడుగ్గా చేసినా కడుపుకు ఒనగూడేది పెద్దగా ఉండదు.

కాబట్టి అసలు ప్రశ్న పొడవు ఎక్కడ దొరుకుతుందన్నది. బయటికి పొడిగించడం కుదరదు. రోడ్డు, ఫుట్‌పాత్, మురుగు కాలువ మీది జాగా మునిసిపాలిటీది. అక్కడికి పాకిన ర్యాంప్ ఆక్రమణే, కాలువ పూడిక తీయడానికి వచ్చినవాళ్లో, రోడ్డు వేసేవాళ్లో కొట్టేస్తే అడిగే హక్కుండదు. పొడవు గేటు లోపలే వెతకాలి. ర్యాంప్ తలను గేటు గీత దగ్గర ఉంచకుండా లోపలికి జరపాలి. ఈ రకం రిపేర్లలో నిజంగా పనిచేసేది ఇదొక్కటే అని చెప్పినా తప్పులేదు.

ఆ ఆరడుగుల ర్యాంప్‌నే తీసుకోండి. గేటు లోపల మూడడుగులు కోసి, ఆ మూడడుగులను సగం వాలు ముక్కగా మలిస్తే బయటి వాలు అడుగుకు 1.6 అంగుళాలకు, లోపలిది 0.8కి దిగుతుంది. గేటు గీత దగ్గర నేల ఇప్పటికంటే రెండున్నర అంగుళాలు మాత్రమే తగ్గుతుంది. తల దగ్గర కావలసిన ఖాళీ నాలుగుంపావు నుంచి రెండున్నర లోపుకు వస్తుంది. రెండు రోజుల కూలీ, మరికొంత సిమెంటుతో తీరే పని.

పెద్ద కోత: ఇరవైనాలుగు అంగుళాల లేపు

లేపు రెండడుగులు, బయట దొరికే పొడవు ఆరడుగులు. పాత కాలనీల్లో కనిపించే కొలతే ఇది. అడుగుకు 4 అంగుళాలు, ఎస్‌యూవీ కూడా కష్టంగా ఎక్కుతుంది. దీనికి గేటు లోపల మరో పదడుగులు కావాలి. మొత్తం పదహారడుగులను ఇలా పంచండి: కింది నాలుగడుగులు అడుగుకు 1 అంగుళం, మధ్య ఎనిమిదడుగులు అడుగుకు 2, పై నాలుగడుగులు మళ్లీ అడుగుకు 1. నాలుగు, పదహారు, నాలుగు, మొత్తం ఇరవైనాలుగు. తల దగ్గర కావలసిన ఖాళీ రెండున్నర అంగుళాల చుట్టూ, పాదం దగ్గర మార్పు రోడ్డు వాలుతో కలిపి అడుగుకు 1.3. ఏ సెడాన్ అయినా మాట్లాడకుండా ఎక్కుతుంది. తల ఎత్తు మారలేదు కాబట్టి వరద నీరు పార్కింగ్‌లోకి రాదు.

కొట్టే ముందు నేల కింద ఏముందో చూడాలి. మన ఇళ్లలో నీళ్ల సంపు ఎక్కువగా గేటు పక్కనే ఉంటుంది. సంపు పైకప్పు స్లాబును కోయడం కుదరదు, దాని మీదుగా పదంగుళాల కోత వస్తుంటే ఆ ప్లాన్ మానుకోవాల్సిందే. మురుగు పైపు, ఛాంబరు, మంచినీటి కనెక్షన్, మీటరు నుంచి వచ్చే కేబులు, ఎర్తింగ్ గుంత, బోరు వైరు ఎక్కడెక్కడ పోతున్నాయో సుద్దతో నేల మీద గీసుకోండి. స్టిల్ట్ పార్కింగ్ (స్తంభాల మీద ఇల్లు, కింద పార్కింగ్) అయితే స్తంభాలను కలుపుతూ నేల కింద ప్లింత్ బీములు ఉంటాయి. బీము తగిలిన చోట పని ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. మేస్త్రీ “పైన రెండంగుళాలు చెక్కితే ఏం కాదు” అన్నా వినొద్దు.

ఈ లెక్కలో గేటు గీత దగ్గర కొత్త మట్టం రోడ్డుకు ఎనిమిదంగుళాలే, అంటే ఇప్పటికంటే పదహారు కింద. దాని కింద ఆరంగుళాల స్లాబు, నాలుగంగుళాల మొరం కలిపితే తవ్వకం ఇరవయ్యారు అంగుళాలు. గేటు స్తంభాల పునాది అంతకంటే లోతు ఉందా లేదా పక్కన చిన్న గుంత తీసి చూసుకోండి. పునాది బయటపడేలా ఉంటే ముందు దాన్ని కాంక్రీటుతో కిందికి దించి, ఆ తర్వాతే ర్యాంప్ తవ్వాలి. ర్యాంప్ పక్కన పార్కింగ్ నేల ఎత్తుగానే మిగిలితే ఆ అంచులకు ఆరంగుళాల కాంక్రీటు గోడ కావాలి, ఇటుక గోడ టైరు తగిలితే విరిగిపోతుంది.

అసలు తలనొప్పి గేటుతో. లోపలికి తెరుచుకునే రెండు రెక్కల గేటు కింద ఇప్పుడు పదహారు, పద్దెనిమిది అంగుళాల సందు మిగులుతుంది, కుక్కలు దర్జాగా వస్తాయి. ఆ సందు పూడుద్దామని రెక్కను కిందికి పొడిగిస్తే, లోపలికి తిప్పేటప్పుడు ఎక్కుతున్న ర్యాంప్‌కు తగిలి సగంలో ఆగిపోతుంది. రోడ్డు వైపుకు తెరుచుకునేలా మార్చడం తగదు. గోడ వెంట జాగా ఉంటే జారుడు గేటు అన్నిటికంటే మేలు. దాని పట్టా ర్యాంప్‌కు అడ్డంగా, ఒకే మట్టంలో, స్లాబు పోసేటప్పుడే ముంచి వేయాలి, తర్వాత పైన బిగిస్తే అదే కొత్త విరుపవుతుంది. జాగా లేకపోతే రెండున్నర అడుగుల రెక్కలుగా మడిచే గేటు చూడండి. మడిచినప్పుడు అది లోపలికి తక్కువ దూరమే వస్తుంది కాబట్టి కింద అయిదారు అంగుళాల ఖాళీ ఉంటే చాలు.

ఇంకొకటి. పార్కింగ్ లోతు పద్దెనిమిది అడుగులే ఉంటే, పదడుగులు ర్యాంప్‌కు పోయాక కారు వెనక సగం వాలులోనే నిలుస్తుంది. హ్యాండ్‌బ్రేకుతో పాటు మొదటి గేరులో వదలడం, వెనక చక్రానికి చెక్క ముక్క పెట్టడం అలవాటు చేసుకోవాలి. అది ఇష్టం లేనివాళ్లు కొట్టకముందే ఆలోచించుకోవాలి.

సామాను, పోత

పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు, ఆరంగుళాల మందం అంటే 80 ఘనపుటడుగుల కాంక్రీటు. ఎం20 రకానికి 1:1.5:3 పాళ్లలో సిమెంటు 18 బస్తాలు, ఇసుక 35 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 70. ఇనుము 8 ఎంఎం రాడ్లు రెండు దిక్కులా ఎనిమిదంగుళాలకొకటి, మొత్తం 60 నుంచి 65 కిలోలు, అంటే 12 మీటర్ల రాడ్లు పదమూడు. కిందికి మొరం 70 ఘనపుటడుగులు తెప్పిస్తే దిమ్మిసా కొట్టాక నాలుగంగుళాలు నిలుస్తుంది. మొరాన్ని రెండు పొరలుగా, తడిపి, ప్లేట్ కంపాక్టరుతో కుదించాలి. ఊరికే కాళ్లతో తొక్కి పోసిన మొరం మొదటి వానాకాలంలోనే దిగి, స్లాబు సరిగ్గా విరుపు గీత వెంట పగులుతుంది.

ఇనుప జాలి నేల మీద పడి ఉండకూడదు. స్లాబు పైముఖానికి రెండంగుళాల కింద నిలిచేలా రాడ్డు వంచి చేసిన కుర్చీలు (జాలిని ఎత్తి పట్టే ఆనకాలు) కట్టించండి. పోసేటప్పుడు పైకి లాగుదాంలే అన్న మాట ఎప్పుడూ నిజం కాదు. గోడలకూ స్తంభాలకూ ఆనుకునే చోట అరంగుళం థర్మాకోల్ పట్టీ పెట్టండి, ఎండకు స్లాబు సాగినప్పుడు స్తంభాన్ని నెట్టకుండా ఉంటుంది.

వాలు తప్పకుండా ఉండాలంటే రెండు పక్కలా గైడ్ పట్టీలు బిగించి, లెవెల్ పైపుతో నాలుగో అడుగు దగ్గర 4 అంగుళాలు, పన్నెండో అడుగు దగ్గర 20, పదహారో అడుగు దగ్గర 24 గుర్తులు కొట్టండి. మధ్యలో దారం లాగండి. ఈ గుర్తులు మీరే స్వయంగా మళ్లీ కొలవండి. ఇక్కడ అంగుళం పొరపాటు జరిగితే స్లాబు పోశాక దిద్దే దారి లేదు.

కాంక్రీటు గట్టిగా, ముద్దగా ఉండాలి. బస్తాకు నీళ్లు పాతిక లీటర్లు మించనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువే. పల్చగా కలిపితే వాలు మీద జారి కిందికి చేరుతుంది, పాదం దగ్గర ఉబ్బు, తల దగ్గర లొట్ట మిగులుతాయి. పోత కింది నుంచి పైకి సాగాలి. పై నుంచి మొదలుపెడితే వైబ్రేటరు పెట్టగానే అంతా కదులుతుంది.

ఎక్కువ ర్యాంపులు చెడేది పాదం అంచు దగ్గర. రోడ్డుతో కలిసే చోట కాంక్రీటును కత్తి అంచులా సున్నాకు దించుతారు. ఆ పల్చటి అంచు ఆరు నెలల్లో పెచ్చులూడి, ఊడిన చోట మెట్టు మిగిలి, బంపరు మళ్లీ తగులుతుంది. దానికి బదులు ర్యాంప్ చివర మీ హద్దులోనే ఆరంగుళాల లోతు గాడి తవ్వి, స్లాబు పూర్తి మందంతో అందులో దిగి రోడ్డు మట్టానికి సమంగా ఆగేలా చేయండి. పాత కాంక్రీటు మీద కొత్త పొర వేయాల్సి వస్తే కూడా రెండంగుళాలకు తక్కువ వేయొద్దు. ముందు పాతదాన్ని ఉలితో గాట్లు పెట్టి, దుమ్ము కడిగి, రాత్రంతా తడిపి, పైన నీళ్లు నిలవకుండా తుడిచి, సిమెంటు పాలు పూసిన వెంటనే పోయాలి.

కాలువ మీదుగా పోయే భాగాన్ని స్లాబుతో కలిపి పోయకండి. రెండడుగుల వెడల్పు పలకలుగా, ఎత్తడానికి కొక్కేలతో విడిగా వేయించండి. పలకలకు బదులు ఇనుప జాలీ పెట్టేటట్టయితే అడుగు వెడల్పు కాలువకు 40×8 ఎంఎం ఫ్లాట్లు, మధ్య సందు ఒక అంగుళం లోపు, చుట్టూ యాంగిల్ ఫ్రేము. బోల్టుతో బిగించకపోతే కారు ఎక్కిన ప్రతిసారీ వీధంతా వినిపిస్తుంది.

పైముఖం కాస్త గట్టిపడగానే గీతలు లాగాలి. చేపముల్లు తీరులో, అర అంగుళంలోపు వెడల్పు, పావు అంగుళం లోతు, రెండు మూడు అంగుళాలకొకటి. తిన్నటి అడ్డగీతల కంటే ఇవి నీటిని పక్కలకు పంపుతాయి. నునుపు కోసం పొడి సిమెంటు చల్లనివ్వకండి, అది పొరలా లేచిపోతుంది. ర్యాంప్ మీద గ్రానైట్, నున్నటి షాబాద్ బండలు, మెరిసే పార్కింగ్ టైల్స్ అసలే వద్దు. తొలకరి చినుకులకు దుమ్ము తడిసి జిగురులా మారినప్పుడు స్కూటర్లు జారేది వాటి మీదే. వాలు మారే రెండు గీతల దగ్గర విరుపును చెక్క తాపీతో అడుగు మేర మెత్తబరచండి. మర్నాడే ఆ గీతల వెంట కట్టరుతో ఒకటిన్నర అంగుళం లోతు కోత పెట్టించండి, పగులు వస్తే ఆ కోతలోనే వస్తుంది.

వాలు మీద నీళ్లు నిలవవు కాబట్టి మడులు కట్టి క్యూరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడం) చేయలేం. గోనె సంచులు పరిచి రోజుకు నాలుగైదు సార్లు తడపండి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటుకు 10. వేడి, పొడి వాతావరణంలో ఇవి 10, 14 అవుతాయి. మన ఎండల్లో రెండో లెక్కే పట్టుకోవాలి. కారును రెండు వారాలు బయటే ఉంచండి, నీళ్ల ట్యాంకరును 28 రోజుల దాకా ఎక్కనివ్వొద్దు.

కోసే వీలు లేకపోతే

సంపు అడ్డం వచ్చిందో, అద్దె ఇల్లో. అప్పుడు తల దగ్గర చక్రాల దారిని ఎత్తకుండా, మధ్యలోనే కడుపుకు గాడి తీయడం ఒక మార్గం. కారు రెండు టైర్ల లోపలి అంచుల మధ్య మూడున్నర నుంచి నాలుగుంపావు అడుగులు ఖాళీ ఉంటుంది. తల గీతకు అటు రెండు, ఇటు రెండు అడుగుల పొడవున, రెండున్నర అడుగుల వెడల్పున, రెండంగుళాల లోతు గాడి తీస్తే అంత ఖాళీ దొరికినట్టే. అంచులు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే స్కూటరు చక్రం ఇరుక్కుంటుంది. నాలుగంగుళాల పాత స్లాబులో రెండు చెక్కితే మిగిలేది బలం లేని రొట్టె, అక్కడ విరగ్గొట్టి కొత్తగా పోయాల్సిందే. కారు కింది గీతలు మధ్యలో కాక పక్కల ఉంటే ఈ గాడి ఉపయోగపడదు. ఎలక్ట్రిక్ కారుకు కూడా ఇది చాలదు.

పాదం దగ్గర మాత్రమే తగులుతుంటే రబ్బరు ర్యాంప్ ముక్కలు దొరుకుతాయి. అవి హద్దు లోపల పట్టేంత పొట్టివే కొనండి, యాంకర్ బోల్టులతో బిగించండి, వదులుగా వదిలేస్తే దిగేటప్పుడు టైరు వాటిని రోడ్డు మీదికి విసురుతుంది. గేటు వెడల్పు పన్నెండు అడుగులుంటే మూలగా ఎక్కించడం ఉచితంగా దొరికే మందు. ముప్పై డిగ్రీలు ఏటవాలుగా వెళితే వాలు పన్నెండు పదమూడు శాతం తగ్గినట్టవుతుంది, చక్రాలు కూడా ఒకటొకటిగా విరుపు దాటుతాయి. అరంగుళం, ముప్పావు అంగుళం లోటున్నవాళ్లకు ఇది చాలు.

రోడ్డు ఎత్తుగా, ఇల్లు పల్లంగా ఉన్నవాళ్లది తిరగేసిన కథ. రోడ్డు మీద కొత్త పొర పడిన ప్రతిసారీ వాళ్ల లేపు పెరుగుతుంది. అక్కడ తల రోడ్డు అంచున, పాదం గేటు లోపల. లెక్కలు అవే. కానీ నీరు ఇంట్లోకి రాకుండా తల దగ్గర రోడ్డు కంటే రెండు మూడంగుళాల ఎత్తు గట్టు, దాని నెత్తిన నాలుగడుగుల చదును ఉంచాలి. పాదం దగ్గర గేటు వెడల్పంతా జాలీ కాలువ వేసి, దాన్ని ఇంకుడు గుంతకో, చిన్న పంపు ఉన్న గుంతకో కలపాలి. ఆ జాలీ సరిగ్గా పాదం గీత మీద పడకుండా ఒక అడుగు లోపలికి జరపండి. గీత మీదే ఉంటే వంగిన ముక్కుతో దిగే కారు బంపరు మొదట తాకేది దాని యాంగిల్ ఫ్రేమునే.